మురుగునీటి శుద్ధి కేంద్రంలో పాతబడిన కాంక్రీటు ట్యాంకులను బాగుచేయడం ఎలా?

ఏళ్ల తరబడి పనిచేసిన మురుగునీటి ట్యాంకును ఖాళీ చేసి చూస్తే, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే గోడ చాలావరకు గట్టిగానే ఉంటుంది. నీరు తాకని పైభాగమే, అంటే నీటిమట్టానికి పైనున్న గోడ, స్లాబు అడుగుభాగం, కాలువల మూతలు మెత్తబడి, కంకర తేలి, అక్కడక్కడా కడ్డీలు బయటపడి కనిపిస్తాయి. ఈ తేడాకు కారణం తెలుసుకోకుండా టెండరు పిలిచిన ఇంజినీరు ట్యాంకు మొత్తానికి ఒకే పూత, ఒకే మందం, ఒకే ధర రాస్తాడు. అప్పుడు అవసరం లేని చోట డబ్బు పోతుంది, అవసరమైన చోట పని పైపైన జరుగుతుంది. మున్సిపాలిటీల్లోను, పెద్ద అపార్టుమెంటు సముదాయాల్లోను ఎస్టీపీలను (మురుగునీటి శుద్ధి కేంద్రాలను) చూసుకునేవారు మరమ్మతుకు దిగే ముందు ఏమేమి చూసుకోవాలో, పనిని ఏ వరుసలో చేయించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

కాంక్రీటును తినేది ఏది?

మురుగునీటిలో సల్ఫేటు ఎప్పుడూ ఉంటుంది. గాలి అందని చోట, అంటే పైపుల లోపల పట్టిన జిగటపొరలోను, అడుగున పేరుకున్న స్లడ్జిలోను (బురదలోను) ఉండే బ్యాక్టీరియా ఆ సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. నీరు పైనుంచి దూకిన చోట, సుడులు తిరిగిన చోట అది హైడ్రోజన్ సల్ఫైడు వాయువుగా బయటికి వచ్చి, పైనున్న తడి కాంక్రీటుకు చేరుతుంది. అక్కడ థయోబాసిల్లస్ వర్గానికి చెందిన బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. కొత్త కాంక్రీటు పీహెచ్ (7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) 12 నుంచి 13 వరకు ఉంటుంది కనుక మొదట్లో ఈ బ్యాక్టీరియా దానిమీద నిలవలేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు, ఈ వాయువు కలిసి ఉపరితలం పీహెచ్‌ను 9 దరిదాపులకు దించాక అది స్థిరపడుతుంది, ఆ తరువాత పీహెచ్‌ను 2 కంటే కిందికి కూడా లాగగలదు. సిమెంటులోని కాల్షియం జిప్సంగా మారి, పట్టు పోయి, వేలితో గీస్తే ఊడి వచ్చే తెల్లని పొరగా మిగులుతుంది. ఆ పొర వెనక ఆమ్లం లోపలికి నడుస్తూనే ఉంటుంది.

గాలి లేకుండా శుద్ధి చేసే యూఏఎస్‌బీ పద్ధతి కేంద్రాల్లో ఈ బెడద సహజంగానే ఎక్కువ. హైదరాబాదులో మూసీ శుద్ధి కోసం అంబర్‌పేటలో కట్టిన 339 ఎంఎల్‌డీ (రోజుకు మిలియన్ లీటర్లు) కేంద్రం, నాగోలులోని 172 ఎంఎల్‌డీ కేంద్రం ఈ పద్ధతిలో నిర్మించినవే. ఇలాంటి కేంద్రాల్లో రియాక్టరు నుంచి వచ్చే నీటిలో కరిగి ఉన్న సల్ఫైడు బయటికి దూకే చోటు, అంటే పొర్లు కాలువలు, సేకరణ చాంబర్లు, తరువాతి దశ ట్యాంకు మొదటి అరలు, ముందుగా పరీక్షించాల్సిన భాగాలు. గాలి ఊది బ్యాక్టీరియాతో శుద్ధి చేసే మామూలు యాక్టివేటెడ్ స్లడ్జి కేంద్రాల్లో ఇన్‌లెట్ చాంబరు, ప్రైమరీ క్లారిఫయర్ (మడ్డి తేర్చే ట్యాంకు) పొర్లు కాలువ, స్లడ్జి సంపు, స్లడ్జిని చిక్కబరిచే మూత ఉన్న థికెనరు అదే వర్గంలోకి వస్తాయి.

ఆమ్లం ఒక్కటే శత్రువు కాదు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే ఏరేషన్ ట్యాంకుల్లో నీటి క్షారత తగ్గిపోయి, కరిగిన కార్బన్ డయాక్సైడు పెరిగితే, నీటి అడుగునే సిమెంటు కరిగి కంకర గరుకుగా తేలుతుంది. కడ్డీల మీద కాంక్రీటు కవరు తక్కువగా పడిన చోట కార్బనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటు క్షారతను తగ్గించడం) వల్లో క్లోరైడుల వల్లో తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి పెచ్చులు లేస్తాయి. పోత ఆగి మళ్లీ మొదలైన జాయింట్ల వద్ద కారడం కట్టిన రోజు నుంచే ఉండవచ్చు. ఒక్కో కారణానికి ఒక్కో మందు ఉంటుంది. ఆమ్లం తిన్న చోట వేసే పూత, కడ్డీ తుప్పును ఆపదు.

ఖాళీ చేయడానికి ముందు

భూమిలోకి దిగి ఉన్న ట్యాంకును ఖాళీ చేసే ముందు చూడాల్సింది ఊటనీటి మట్టం. అడుగు స్లాబుకు 2.5 మీటర్ల పైన ఊటనీరు ఉందనుకుంటే, అది కింది నుంచి చదరపు మీటరుకు సుమారు 25 కిలోన్యూటన్ల ఒత్తిడితో పైకి తోస్తుంది. 400 మి.మీ. మందం ఉన్న స్లాబు బరువు చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్లే. ఇంతకాలం లోపలి నీటి బరువే దాన్ని నొక్కి పట్టింది. చిన్న ట్యాంకులో గోడల బరువు కొంత సాయపడుతుంది కాని, పెద్ద క్లారిఫయరు మధ్యభాగంలో ఆ సాయం అందదు, నేల ఉబ్బి పగులుతుంది, ఒక్కోసారి ట్యాంకే లేచిపోతుంది. కాబట్టి ట్యాంకు పక్కన బోరు వేసి, రంధ్రాల పైపు దింపి, నీటిమట్టాన్ని కొన్ని రోజులపాటు నమోదు చేయాలి. ఖాళీ ట్యాంకు బరువు, పైకి తోసే బలం కంటే కనీసం 1.2 రెట్లు ఉండేలా లెక్క సరిచూసుకోవాలి. చాలకపోతే పని జరిగినన్నాళ్లూ చుట్టూ బోర్లలోంచి ఊటనీటిని తోడుతూనే ఉండాలి, కరెంటు పోతే నడవడానికి డీజిల్ పంపు సిద్ధంగా పెట్టాలి. పాత డ్రాయింగుల్లో నేలలో ప్రెషర్ రిలీఫ్ వాల్వులు చూపి ఉన్నా, అవి మట్టితో బిగుసుకుపోయి ఉంటాయని అనుకుని లెక్క వేయడమే క్షేమం. మన ప్రాంతంలో వానలు వెనుదిరిగిన అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ పనికి దిగకూడదు. కోస్తా జిల్లాల్లో తుపాన్ల కాలం దాటేవరకు ఆగాలి. ఫిబ్రవరిలో మొదలుపెట్టగలిగితే ఎండలు ముదిరేలోపు పూతల పని ముగుస్తుంది.

రెండోది మనుషుల ప్రాణం. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ పరికరాలు లేకుండా మనుషులను దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలుగా ఉండాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. ట్యాంకు అడుగున ఉన్న స్లడ్జిని వీలైనంతవరకు పైనుంచే పంపులతో, జెట్టింగు యంత్రాలతో తీయించాలి. మనిషి దిగే ముందు పైన, మధ్యలో, అడుగున మూడు మట్టాల్లో వాయువులను కొలవాలి. మీథేను పైకి చేరుతుంది, హైడ్రోజన్ సల్ఫైడు అడుగున పేరుకుంటుంది. ఆక్సిజను 19.5 శాతానికి తగ్గకుండా, 23.5కు మించకుండా, హైడ్రోజన్ సల్ఫైడు 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) లోపు, మండే వాయువులు కనిష్ఠ పేలుడు పరిమితిలో 10 శాతం లోపు ఉంటేనే అనుమతి పత్రం మీద సంతకం పెట్టాలి. పొద్దున కొలిచాం కదా అని ఊరుకోకూడదు. అడుగున మిగిలిన స్లడ్జిని పారతో కదిపినప్పుడల్లా కొత్తగా వాయువు వస్తుంది, కనుక డిటెక్టరు లోపలి మనిషి ఒంటిమీదే ఉండాలి. వాసన రావడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం మరీ ప్రమాదకరం: 100 పీపీఎం దరిదాపుల్లో ఈ వాయువు ముక్కును మొద్దుబారుస్తుంది. బ్లోయరు, ట్రైపాడ్, హార్నెస్, పైన కదలకుండా కాపలా ఉండే మనిషి, ఈ నాలుగూ లేని రోజు పని లేనట్టే. లోపల ఒకరు పడిపోతే మరొకరు గాలి పరికరం లేకుండా దిగకూడదని ముందుగానే అందరికీ గట్టిగా చెప్పాలి.

ఒక ట్యాంకు ఆగితే మిగతావాటి మీద పడే భారం ఎంతో కేంద్రం నడిపేవారితో కూర్చుని లెక్క వేసుకోవాలి, కాలుష్య నియంత్రణ మండలికి ముందే తెలియజేయాలి. ఒకేసారి రెండు ట్యాంకులను ఆపే ప్రలోభానికి లోనుకాకూడదు.

గోడను పరీక్షించడం

ముందు గోడనంతా ఒత్తిడి నీటితో కడిగించాలి. జిడ్డు, నాచు ఉన్న గోడ మీద ఏ పరీక్షా నిజం చెప్పదు. తరువాత మామూలు సుత్తితో చదరపు అడుగు చొప్పున తడుతూ పోవాలి. గట్టి కాంక్రీటు కంగుమంటుంది, లోపల పొర విడిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల పలికిన ప్రతి చోటునూ సుద్దతో గీసి, నంబరు వేసి, ఫోటో తీసి, గోడ పటం మీద ఎక్కించాలి. నీటిమట్టం గీతకు ఒక అడుగు పైన స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడాలి. నానిన సుద్దలా మొన దిగిపోతే అక్కడ లోతు కొలిచి రాసుకోవాలి. ఆ చోటే తడిపి పీహెచ్ కాగితం అద్దితే అది ఎరుపుకు తిరుగుతుంది. ఇక్కడే ఒక చిన్న ముక్క చెక్కి, కొత్తగా విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, పీహెచ్ సుమారు 9 కంటే ఎక్కువున్న భాగం ముదురు గులాబీ రంగుకు వస్తుంది, దెబ్బతిన్న భాగం రంగు మారకుండా ఉంటుంది. రంగు మొదలయ్యే లోతు ఎన్ని మిల్లీమీటర్లో, కడ్డీ ఎన్ని మిల్లీమీటర్ల లోతున ఉందో, ఈ రెండు అంకెల మధ్య ఎంత తేడా మిగిలిందో చూస్తే మరమ్మతు ఎంత లోతుకు పోవాలో చాలావరకు తేలిపోతుంది.

గోడకు కొట్టి, వెనక్కి ఎగిరే తీరును బట్టి బలం చెప్పే రీబౌండ్ హామరు ఉపరితలాన్ని మాత్రమే చూస్తుంది. ఆమ్లం తిన్న చోట తక్కువగా, కార్బనేషన్ జరిగిన చోట లేని బలం ఉన్నట్టుగా చూపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే నమ్మి నివేదిక రాసిన కన్సల్టెంటును కోర్లు (గోడలోంచి గుండ్రంగా కోసిన కాంక్రీటు ముక్కలు) తీయమని అడగాలి. అల్ట్రాసోనిక్ పరీక్ష లోపలి డొల్లలను, పగుళ్లను పట్టిస్తుంది. కడ్డీల తుప్పుకు హాఫ్‌సెల్ పరీక్ష ఉంది: కాపర్ సల్ఫేటు ఎలక్ట్రోడుతో కొలిచినప్పుడు మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి వస్తే అక్కడ తుప్పు పట్టే అవకాశం 90 శాతం పైమాటే. అయితే నీటితో పూర్తిగా నానిన గోడలో ఆక్సిజను అందక ఈ అంకె మరీ కిందికి పడుతుంది, అప్పుడు దాన్ని తుప్పుగా చదవకూడదు. డ్రిల్లు పొడిని వేర్వేరు లోతుల్లో సేకరించి క్లోరైడు పరీక్ష చేయించాలి. ఆర్‌సీసీ కాంక్రీటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 456 విధించిన హద్దు ఘనపు మీటరుకు 0.6 కిలోలు.

చెడిన కాంక్రీటును తొలగించడం

నా అనుభవంలో విఫలమైన మరమ్మతుల్లో ఎక్కువవాటికి కారణం డబ్బాలోని మందు కాదు, దాని కింద వదిలేసిన చెడిన పొర. గుల్లబారినదంతా తీసేశాక, మళ్లీ సుత్తితో తట్టి, మళ్లీ ఫినాఫ్తలీన్ చల్లి, గులాబీ రంగు వచ్చేవరకు తొలచాలి. కొలత పుస్తకంలో ఇన్ని మిల్లీమీటర్లు అని ముందే రాసుకుని అక్కడ ఆపేయడం తప్పు. అందుకే టెండరులో 25 మి.మీ. వరకు, 50 వరకు, ఆపైన అని లోతు వారీగా వేరువేరు ధరలు అడగాలి. గోడ తెరిచాక పరిమాణం పెరగడం మామూలే, అప్పుడు కాంట్రాక్టరుతో గొడవ ఉండదు.

వీలైతే అధిక పీడన నీటితో, అంటే వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో తొలగించే హైడ్రోడిమాలిషన్ మేలు. అది చెడినదాన్ని కోసి, మంచిదాన్ని పెద్దగా కదపదు. బరువైన బ్రేకరు వాడితే మంచి కాంక్రీటు పైపొరలో కంటికి కనిపించని పగుళ్లు పడి, కొత్త మోర్టారు ఆ పగిలిన పొరతో సహా ఊడుతుంది. అది తప్పనప్పుడు పది కిలోల లోపు తేలికపాటి చిప్పింగు యంత్రమే వాడాలి. తొలిచి మోర్టారు నింపే ప్రతి చోటు (ప్యాచీ) చుట్టూ కట్టరుతో పది, పన్నెండు మిల్లీమీటర్ల లోతున నిటారుగా గీత కోయాలి. అంచు పలచబడుతూ ముగిస్తే అక్కడి మోర్టారు మొదటి ఏడాదే పెచ్చులు లేస్తుంది. గీత కోసేటప్పుడు బ్లేడు కడ్డీకి తగలకుండా ముందే కవర్‌మీటరుతో (కడ్డీ ఎంత లోతున ఉందో చూపే పరికరంతో) చూసుకోవాలి.

తుప్పు పట్టిన కడ్డీ కనిపిస్తే దాని వెనక కూడా వేలు దూరేంత, సుమారు 20 మి.మీ. ఖాళీ చేసి, తుప్పు లేని మెరుపు కనిపించేవరకు కడ్డీ పొడవునా తెరుచుకుంటూ పోవాలి. శుభ్రానికి గార్నెట్ లేదా కాపర్ స్లాగు బ్లాస్టింగు చేయించాలి. సిలికా ఇసుక ధూళి పనివారి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది కనుక దాన్ని ఒప్పుకోకూడదు. ఒక కడ్డీ అడ్డుకోత పావు వంతు దాటి తగ్గితే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించి, ఐఎస్ 456 ప్రకారం తగిన ల్యాపుతో (రెండు కడ్డీలు పక్కపక్కన కలిసి ఉండే పొడవుతో) కొత్త కడ్డీ జోడించాలి. క్లోరైడులు ఉన్న గోడలో ప్యాచీ లోపలి కడ్డీ క్షేమంగా ఉన్నా, దాని అంచుకు బయట పాత కాంక్రీటులో ఉన్న కడ్డీ మరింత వేగంగా తుప్పు పడుతుంది. అలాంటి చోట ప్యాచీ అంచుల వెంట కడ్డీకి, దాని బదులు తామే కరిగే జింకు ఆనోడులు కట్టించడం ఖర్చుకు తగిన పని.

పగుళ్లు, జాయింట్లు

పగులు కదులుతోందా, నిలిచిపోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. దాని మీద గాజు పలకనో క్రాక్ గేజినో అతికించి కొన్ని వారాలు చూస్తే తెలిసిపోతుంది. కదలని, పొడిగా ఉన్న పగులుకు ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ జిగురు) ఇంజెక్షను గోడకు బలాన్ని తిరిగి ఇస్తుంది. నిలువు పగులైతే కింది పోర్టు (ఎపాక్సీ ఎక్కించే నోరు) నుంచి మొదలుపెట్టి, పై పోర్టులోంచి ఎపాక్సీ బయటికి వచ్చాక కిందిది మూసి పైకి జరగాలి. నీరు ఊరుతున్న పగులుకు పాలీయురెథేను గ్రౌటు కావాలి. పగులుకు అటూ ఇటూ మార్చి మార్చి, గోడ మందం మధ్యలో పగులును తాకేలా 45 డిగ్రీల వాలుతో రంధ్రాలు వేసి ఎక్కించాలి. తడి ఆరితే కుంచించుకునే రకం పాలీయురెథేను, తరచూ ఖాళీ అయ్యే ట్యాంకులకు పనికిరాదు.

కదిలే ఎక్స్‌పాన్షన్ జాయింటును గట్టి మోర్టారుతో పూడ్చడం మన దగ్గర తరచూ కనిపించే పొరపాటు. జాయింటు కదలాల్సిందే కనుక దాని పక్కన కొత్త పగులు పుడుతుంది. పాత సీలెంటును పూర్తిగా తీసి, అంచులు బాగుచేసి, సాగే పట్టీని రెండు వైపులా మాత్రమే ఎపాక్సీతో అతికించి, మధ్యభాగాన్ని అతకకుండా వదలాలి.

మోర్టారు నింపడం

పాత కాంక్రీటును ముందురోజు రాత్రంతా తడిపి, పొద్దున నిలిచిన నీటిని గాలితో ఊదేయాలి. లోపల తడి, పైన నీటి మెరుపు లేని స్థితిలోనే మోర్టారు వేయాలి. చిన్న ప్యాచీలకు పాలిమర్ మోర్టారు పొరలు పొరలుగా చేత్తో వేయవచ్చు. లోతు ఎక్కువైతే సెంట్రింగు పెట్టి, చిన్న కంకరతో జారుగా ఉండే మైక్రోకాంక్రీటు పోయాలి, పెద్ద గోడలకు గనైటింగు (మోర్టారును గాలి ఒత్తిడితో గోడకు చిమ్మడం) సరిపోతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1504 లెక్కన బలాన్ని మోసే మరమ్మతుకు ఆర్4 తరగతి మోర్టారు, అంటే 45 మెగాపాస్కల్‌ల నొక్కుబలం, 2 మెగాపాస్కల్‌ల పట్టు ఉన్నది కోరడం మంచిది. బలం మరీ ఎక్కువున్న మోర్టారు మాత్రం పాత మెత్తని కాంక్రీటు మీద కుంచించుకుంటూ దాన్నే లాగి చీలుస్తుంది. క్యూరింగు విషయంలో మేస్త్రి మాట కంటే తయారీదారు సూచన చూడాలి. సాధారణ సిమెంటు మిశ్రమానికి కనీసం ఏడు రోజులు గోనెసంచుల తడి కావాలి.

పూత ఎక్కడ, ఏది?

టెండర్లలో ఎపాక్సీ అనే మాట కనిపిస్తే చాలు భద్రత కలిగినట్టు అనుకునే అలవాటు మనకు ఉంది. నీటి అడుగున మంచి కాంక్రీటు ఉన్న గోడకు పూత చాలాసార్లు అక్కర్లేదు. ఆమ్లం తాకే మండలానికి, అంటే స్లాబు అడుగు నుంచి కనిష్ఠ నీటిమట్టానికి 300 మి.మీ. దిగువ వరకు, బలమైన రక్షణ కావాలి. వందల మైక్రాన్ల మందంలో వేసే కోల్‌తార్ ఎపాక్సీ అక్కడ నిలవదు. ద్రావకం లేని ఎపాక్సీని రెండు, మూడు మిల్లీమీటర్ల మందంలో వేయడం, కాల్షియం అల్యూమినేటు సిమెంటు మోర్టారును 12 నుంచి 25 మి.మీ. వరకు వేయడం, లేదా వెనక కొక్కేలున్న హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటును గ్రౌటుతో బిగించి అతుకులను వెల్డు చేయడం, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. తడి ఆరని పాత గోడలకు నేను కాల్షియం అల్యూమినేటు వైపే మొగ్గుతాను. అది తడిని సహిస్తుంది, మేస్త్రీలకు అలవాటైన పనిలాగే ఉంటుంది. కాని స్లడ్జి సంపు స్లాబు అడుగున వాయువు మరీ ఎక్కువైతే షీటుకు సాటి లేదు.

ఎపాక్సీ వేసే ముందు 450 మి.మీ. చతురస్రపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి 16 గంటలు వదలాలి. లోపల తేమ చుక్కలు కడితే గోడ ఇంకా సిద్ధంగా లేదు. గోడ ఉష్ణోగ్రత మంచుబిందువు (గాలిలోని తేమ నీరై పట్టే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. పొద్దున ఎండకు గోడ వేడెక్కుతున్నప్పుడు రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు పొడుస్తుంది కాబట్టి, సాయంత్రం గోడ చల్లబడుతున్న వేళ ప్రైమరు వేయడం మంచిది. పూత ముగిసే గీత వెంట గోడలో చిన్న గాడి కోసి, పూతను ఆ గాడిలోకి దించి ముగించాలి. లేకపోతే నీరు అక్కడి నుంచే కిందికి దూరుతుంది.

పరీక్షలు, నింపడం

కారుడు పరీక్షను పూత వేయకముందే చేయాలి. పూత వేశాక చేస్తే లీకు దొరకదు, పూత వెనకకు నీరు చేరుతుంది. దీనికి తాగునీరు అక్కర్లేదు, శుద్ధి చేసిన నీరే చాలు. రోజుకు రెండు మీటర్లకు మించకుండా నింపి, గోడలు నీరు పీల్చుకోవడానికి ఏడు రోజులు వదిలి, తరువాత ఏడు రోజులు 24 గంటలకొకసారి మట్టం నమోదు చేయాలి. బయటి ముఖం కనిపించే గోడలకు తడి మరక ఉండకూడదు. భూమిలో ఉన్న మూత ట్యాంకులకు ఏడు రోజుల్లో ఎంత తగ్గుదలను అనుమతించవచ్చో నీటి ట్యాంకుల ప్రమాణం ఐఎస్ 3370లో చూసుకోవాలి. పైకప్పు లేని ట్యాంకులో ఆవిరైపోయే నీటిని తీసివేసి చూడటానికి, గీత పెట్టిన తొట్టెను అదే నీటిమీద తేలనిచ్చి రెండింటినీ పోల్చాలి.

మోర్టారు పట్టును, పూత పట్టును పుల్‌ఆఫ్ పరీక్షతో చూడాలి. లోహపు బిళ్లను అతికించి, చుట్టూ కోసి, యంత్రంతో లాగినప్పుడు వచ్చే అంకె కంటే, అది ఎక్కడ తెగిందో ముఖ్యం. బిళ్ల వెనక పాత కాంక్రీటు ముక్క కంకరతో సహా వస్తే పని బాగున్నట్టు. మోర్టారు నునుపుగా విడివడి వస్తే, అంకె ఎంత పలికినా తయారీ సరిగా లేదని అర్థం. ఎపాక్సీ పూతలో సూదిరంధ్రాల కోసం స్పార్కు పరీక్షను మైక్రానుకు సుమారు 4 వోల్టుల లెక్కన చేయాలి. 2 మి.మీ. పూతకు అది 8,000 వోల్టులు. నిప్పురవ్వ పుట్టే పరీక్ష కనుక అంతకుముందు మీథేను కొలవడం మరవకూడదు.

వాయువును తగ్గించే పనులు కూడా ఇదే విరామంలో చేయించాలి. ఇన్‌లెట్ పైపును నీటిమట్టం కిందికి పొడిగించి నీరు దూకడాన్ని ఆపాలి, పంపింగు మెయిన్‌లో కాల్షియం నైట్రేటో ఇనుప లవణాలో కలిపే ఏర్పాటు పెట్టాలి, మూత ఉన్న చాంబర్ల నుంచి గాలిని లాగి శుద్ధి చేయాలి.

ట్యాంకును తిరిగి నడిపాక మొదటి ఏడాది తనిఖీని కాంట్రాక్టరు బాధ్యతా కాలం ముగియకముందే పెట్టుకోవాలి. మొదట చేసిన గోడ పటం చేతిలో ఉంచుకుని, ప్రతి ప్యాచీకి బయట వంద మిల్లీమీటర్ల వెడల్పున, పూత ముగిసిన గాడి వెంట, మూలల్లో మళ్లీ సుత్తితో తట్టి చూడాలి. కొత్తగా డొల్ల పలికిన చోటును అదే పటం మీద వేరే రంగుతో, తేదీతో గుర్తించి, ఆ పటం నకలుతోనే కాంట్రాక్టరుకు నోటీసు పంపాలి.